ఆ హీరోకి కూడా ఉందంట కదా మేడమ్!

(ఏప్రిల్‌లో తిరుపతిలో ఆటిజం పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు కలుసుకున్నప్పుడు ఒక తల్లి మాట్లాడిన మాటలివి. ఆవిడ స్పెషల్ ఎడ్యుకేటర్ కూడా. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు లేచి తిరిగినా, అరిచినా ఎవరూ కంగారు పడొద్దు. మన దగ్గర అది మామూలే. ఇక్కడ ఎవరూ ఎవరికీ సారీ చెప్పక్కర్లేదు.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి రోజు ఎట్లా గడపాలి అన్నదాని మీద మాట్లాడమన్నారు నన్ను. కాయితాలు కూడా రాసుకొచ్చాను. కానీ ఇందాక టీ తాగేటప్పుడు ఒక నాన్న నా దగ్గరికి వచ్చారు. చంద్రగిరి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారట. ఐదేళ్ల పాప. పోయిన నెలలోనే డాక్టరు ఆటిజం అని చెప్పారట. ఆయన ఫోన్ తీసి ఒక వీడియో చూపించి, "మేడమ్, ఈ హీరోకి కూడా ఉందంట కదా! చూడండి, ఎవరి కళ్లలోకీ చూడడు, మైకిస్తే మాట రాదు, చేతులు ఒకటే నలుపుకుంటా ఉంటాడు. దీంట్లో అన్నీ చెప్పినారు" అన్నారు. అడిగేటప్పుడు ఆయన మొహం చూశాను. నెల రోజుల తర్వాత మొదటిసారి కాస్త ఊపిరి తీసుకున్న మనిషి మొహం అది.

అక్కడ నేను ఏమీ అనలేకపోయాను. స్టేజీ మీద చెప్తాను సార్ అన్నాను. కాబట్టి కాయితాలు పక్కన పెట్టేస్తున్నాను, సెలవుల సంగతి వచ్చే నెల చూద్దాం. ఆ హీరో ఎవరు అని మాత్రం అడగొద్దు. ఆ పేరు నా నోటి నుంచి రాదు. ఎందుకు రాదో చెప్పడానికే ఈ మాటలన్నీ.

ముందు నా సంగతి చెప్తాను. మా అబ్బోడికి 2010లో చెప్పారు. అప్పుడు వాడికి నాలుగేళ్లు. చిత్తూరులో ఉండేవాళ్లం. రాయవేలూరు తీసుకెళ్లి చూపించుకుని, సాయంత్రం బస్సులో తిరిగొచ్చాం. ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అందరూ పడుకున్నాక మా ఆయన ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని నేను ఏం వెతికానో తెలుసా? ఆటిజం అంటే ఏంటి అని వెతకలేదు. ఆటిజం ఉన్న గొప్పవాళ్లు ఎవరు అని వెతికాను. న్యూటన్ అని వచ్చింది. ఐన్‌స్టీన్ అని వచ్చింది. సినిమావాళ్ల పేర్లు వరసగా వచ్చాయి. వాడి టీకాల పుస్తకం వెనక అట్టమీద ఆ పేర్లు రాసుకున్నాను. పద్నాలుగో పదహారో పేర్లు. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఆ రాత్రి నాకు ఆ పేర్లు కావాలి. మందు కంటే ఎక్కువగా కావాలి. రేపు మా అత్త అడిగితే, వీధిలో వాళ్లు అడిగితే, "ఏం ఫరవాలేదు, ఫలానా ఆయనకి కూడా ఉంది" అని చెప్పడానికి ఒక మాట కావాలి. అందుకే ఆ నాన్న ఫోన్ చూపించినప్పుడు ఆయన్ని తప్పు పట్టాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఈ హాల్లో ఎంతమంది అట్లా వెతికారు? చేతులెత్తండి. చూశారా, సగం పైనే.

ఇక ఆ లిస్టు సంగతి. అందులో రెండు రకాల పేర్లు కలిసిపోయి ఉన్నాయని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తమంతట తాము చెప్పుకున్నవాళ్లు ఒక రకం. ఊళ్లోవాళ్లు అంటగట్టినవాళ్లు ఇంకో రకం. ఈ రెండూ ఒకటేనా? ఒకే లిస్టులో రాయొచ్చా?

చెప్పుకున్నవాళ్లలో డారిల్ హన్నా అని హాలీవుడ్ నటి ఉన్నారు. 1984లో వచ్చిన ఒక సినిమాలో జలకన్యగా వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఆవిడకి చిన్నప్పుడే ఆటిజం అని చెప్పారు. ఈ పిల్లకి మందులు పెట్టి ఏదైనా సంస్థలో చేర్చేయండి అని డాక్టర్లు సలహా ఇచ్చారట. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. ఆ అమ్మ కోసం ఒక్క క్షణం ఆగుతాను. మనలో ఎంతమందికి అట్లాంటి సలహా వచ్చింది? ఇక హన్నా పెద్ద స్టార్ అయ్యాక టీవీ షోలకు వెళ్లేది కాదు, సొంత సినిమాల ప్రీమియర్లకూ వెళ్లేది కాదు. పొగరు అనుకున్నారు జనం. 2013లో ఆవిడే చెప్పింది, పొగరు కాదు, భయంతో వణికిపోయేదాన్ని అని. అంటే దాదాపు ముప్పై ఏళ్ల పాటు జనం ఆవిడ గురించి ఊహించుకున్నది పొగరు. చూశారా, ఊహ ఎంత దూరంలో పోయి పడిందో!

డాన్ ఏక్రాయిడ్ అని కామెడీ నటుడు, రచయిత. తనకి 1980ల్లో ఆస్పర్జర్స్, అంటే ఆటిజంలోనే ఒక రకానికి అప్పటి పేరు, అని డాక్టర్లు చెప్పారని 2013లో ఆయనే ఒక ఇంటర్వ్యూలో అన్నారు. దయ్యాల మీద, పోలీసుల మీద ఆయనకి తీరని ధ్యాస. ఆ ధ్యాసే దయ్యాల్ని పట్టుకునేవాళ్ల మీద 1984లో వచ్చిన పెద్ద హిట్ సినిమా అయింది. బ్రిటన్‌లో పాడీ కాన్సిడైన్ అని ఇంకో నటుడు. ఆయనకి తెలిసేసరికి 36 ఏళ్లు.

వెంట్‌వర్త్ మిల్లర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. జైలు నుంచి అన్నని తప్పించే సీరియల్లో హీరో. కాలేజీ పిల్లలకి బాగా తెలుసు, అదిగో తలలూపుతున్నారు. 2021 జులైలో తనకి ఆటిజం అని పోస్టు పెట్టారు. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. అది రాస్తూ, విని ఆశ్చర్యపోలేదు, కానీ పెద్దవాళ్లకి ఆ పరీక్షలు జరిగే పద్ధతి చాలా మారాలి అన్నారు. ఆటిజం గురించి నాకింకా తెలిసింది తక్కువ, ఆటిజం ఉన్నవాళ్ల తరఫున ఇప్పటికే నలుగురూ మాట్లాడేస్తున్నారు, వాళ్లలో కలిసి నేనూ పెద్ద గొంతు పెట్టి మాట్లాడను అన్నట్టుగా రాశారు. అది చదివి నేను ఏడ్చాను. తన గురించి తనే అంత జాగ్రత్తగా, అంత తక్కువగా చెప్పుకున్నాడు ఆ మనిషి. మనం రెండు నిమిషాల వీడియో చూసి ఇంకొకరి గురించి ఎంతెంత చెప్పేస్తున్నాం!

సొంతంగా చెప్పుకున్న మాట కూడా కదలొచ్చు. అమెరికాలో జెర్రీ సైన్‌ఫెల్డ్ అని పెద్ద కమెడియన్, నటుడు. 2014 నవంబర్లో టీవీలో, బాగా సాగదీసి చూస్తే నేనూ ఆటిజం స్పెక్ట్రమ్‌లో ఉన్నానేమో అన్నారు. ప్రపంచమంతా రాసేశారు. అదే నెలలో మళ్లీ, నాకు ఆటిజం లేదు, దాని మీద ఒక నాటకం చూసి అందులో నన్ను నేను చూసుకున్నాను, అంతే అన్నారు. ఆంథొనీ హాప్కిన్స్ తనకి ఆస్పర్జర్స్ అని చెప్పారని 2017లో అన్నారు. ఎనభై ఏడేళ్ల వయసులో, 2025లో, ఈ పేర్లన్నీ ఉత్తవి, దీన్ని బతకడం అంటారు అని కొట్టిపారేశారు. ఆయన మాట మారింది. మారొచ్చు. అది ఆయన జీవితం, ఆయన పేరు, ఆయన నోరు. ఆ మాట వెనక్కి తీసుకునే హక్కు కూడా ఆయనకే ఉంది. కానీ మనం అంటగట్టిన మాటని ఆ హీరో ఎట్లా వెనక్కి తీసుకుంటాడు? చెప్పండి. "నాకు లేదు" అని ప్రెస్‌మీట్ పెట్టాలా? ఒకవేళ ఉంటే? ఉండి, ఇంట్లో అమ్మకి కూడా ఇంకా చెప్పుకోకపోయి ఉంటే?

ఇప్పుడు అసలు పరీక్ష ఎట్లా జరుగుతుందో గుర్తు చేసుకుందాం. మీరంతా దాటి వచ్చినవాళ్లే. మనిషికీ మనిషికీ మధ్య మాట, చూపు, స్నేహం, వీటిలో తేడా చూస్తారు. చేసిందే చేయడం, ఒకేదాని మీద ధ్యాస, శబ్దానికో వెలుతురుకో ఒళ్లు తట్టుకోలేకపోవడం, ఇవీ చూస్తారు. ఇవి రెండూ ఉంటే సరిపోతుందా? సరిపోదు. చిన్నప్పటి నుంచీ ఉండాలి, రోజువారీ బతుకులో ఇబ్బంది పెట్టేంతగా ఉండాలి. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఆస్పర్జర్స్ అన్న పేరు తీసేసి అంతా ఒకటే స్పెక్ట్రమ్ చేశారు, కానీ ఈ షరతులు మాత్రం అట్లాగే ఉన్నాయి. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ కోసం వాడే ఇసా అనే స్కేల్‌లో 40 అంశాలున్నాయి. ఒక్కొక్కటీ అడిగారా లేదా మిమ్మల్ని? పిల్లోడు ఎప్పుడు నవ్వాడు, పేరు పెట్టి పిలిస్తే ఎప్పుడు తిరిగాడు, వేలు పెట్టి చూపించాడా, ఏం తింటాడు, ఎట్లా నిద్రపోతాడు. తల్లిని గంటలకొద్దీ అడుగుతారు. బిడ్డని కూర్చోబెట్టుకుని ఆడించి చూస్తారు. చెవులు వినపడుతున్నాయా అని ముందు అదే చూస్తారు. మా అబ్బోడికి మూడుసార్లు తిప్పారు.

మరి ఆడియో ఫంక్షన్ వీడియోలో ఇవన్నీ ఎక్కడున్నాయి? వేలమంది అరుస్తున్నారు, కళ్లల్లోకి లైట్లు కొడుతున్నారు, నిద్ర లేక రెండు రోజులై ఉంటుంది. ఆ మనిషి పక్కకి చూశాడు. సిగ్గరి కావచ్చు. జ్వరం కావచ్చు. స్టేజీ అంటే టెన్షన్ కావచ్చు. తెలుగు సరిగా రాకపోవచ్చు. ఒక చెవి సరిగా వినపడకపోవచ్చు. ఆటిజం కూడా కావచ్చు. వీటిలో ఏదో ఆ వీడియో చెప్పదు. నేను ఈ పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను, ఎదురుగా కూర్చున్న పిల్లాడి గురించే తొందరపడి మాట జారను.

అందులోనూ నటుడు. మన ఊరి మాటల్లోనే చెప్తాను. వచ్చే నెల గంగజాతర. తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకున్నవాళ్లు వేషాలు వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. బండ వేషం వేసినవాడు బూతులు తిడతాడు, మనం నవ్వుకుంటాం, ఎందుకంటే ఆ తిట్టు వేషానిది. సాయంత్రం వాడు ఒళ్లు కడుక్కుని అంగడి తెరుచుకుంటాడు. ఆ తిట్లు చూసి వాడి గుణం ఇదీ అని ఎవరైనా రాస్తే మీరు ఒప్పుకుంటారా? గంగమ్మ కథలో కూడా అంతే కదా. అమ్మకి భయపడి దాక్కున్న దుర్మార్గుడు పాలెగాడి కోసం అమ్మ రోజుకొక వేషం వేసింది. చివరికి దొర వేషంలో వచ్చిన అమ్మని వాడు దొర అనుకునే బయటికి వచ్చాడు. వేషం చూసి నిర్ణయించుకున్నవాడు అమ్మ చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడని తిరుపతి పిల్లలకి చెప్పక్కర్లేదు.

నటుడికి వేషమే పని. తెర మీద ఒక వేషం, స్టేజీ మీద ఇంకొక వేషం, ఇంటర్వ్యూలో ఇంకొకటి. ఇక ఆటిజం ఉన్న పెద్దవాళ్ల సంగతి వింటే వాళ్లూ అదే చెప్తారు. మాస్కింగ్ అంటారు దాన్ని. ఎదుటివాళ్లు ఎప్పుడు నవ్వుతున్నారో చూసి అప్పుడు నవ్వడం, ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో కాయితం మీద రాసుకోవడం, కళ్లలోకి చూడలేక కనుబొమ్మల మధ్య చూడటం. సాయంత్రానికి ఒళ్లు హూనమైపోయి గదిలో తలుపేసుకోవడం. ముఖ్యంగా ఆడపిల్లలు ఇట్లా దాచుకుని పెద్దవాళ్లయిపోతారు, ఎవరికీ తెలియదు. కాబట్టి ఆలోచించండి. కళ్లలోకి చూడని హీరోకి ఉండకపోవచ్చు. గలగలా మాట్లాడి, అందర్నీ నవ్వించి, ఇంటికెళ్లి చీకట్లో కూర్చునే యాంకరమ్మకి ఉండొచ్చు. మనం పట్టుకునేది ఎప్పుడూ మొదటివాళ్లనే.

డాక్టర్లు కూడా ఒకసారి ఇట్లా దెబ్బతిన్నారు. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి బారీ గోల్డ్‌వాటర్ పోటీ చేశారు. ఒక పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకి ఉత్తరాలు రాసి, ఈయన మనసు ఆ పదవికి తగినట్టు ఉందా అని అడిగింది. 2,417 మంది జవాబిచ్చారు. 1,189 మంది తగడు అన్నారు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్ష చేసి చెప్పిన మాట కాదది. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. తర్వాత 1973లో ఆ మానసిక వైద్యుల సంఘమే నియమం పెట్టుకుంది, నువ్వు స్వయంగా పరీక్షించని, నీకు అనుమతి ఇవ్వని మనిషి గురించి వైద్యుడిగా మాట్లాడకు అని. చదువుకున్న వైద్యులకే అది నియమం. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టంలో కూడా, చికిత్సలో ఉన్న మనిషి వివరాలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాలో వేయకూడదని ఉంది.

సరే, చట్టం సంగతి పక్కన పెడదాం. ఏమంత నష్టం మేడమ్, ఎవరికి నొప్పి అని అడగొచ్చు. ఆ హీరోకి కోట్లున్నాయి, ఫ్యాన్స్ ఉన్నారు. నిజమే. నొప్పి ఎక్కడ తగులుతుందో చెప్తాను.

మా బంధువుల పెళ్లి, శ్రీకాళహస్తిలో. మా అబ్బోడు చెవులు మూసుకుని డైనింగ్ హాల్ బయట మెట్ల మీద కూర్చున్నాడు, లోపల మేళం. నేను పక్కనే విస్తరి పట్టుకుని తినిపిస్తున్నాను. మా వాళ్లలో ఒక పెద్దాయన వచ్చి, ఎంతో ప్రేమగా, "అమ్మా, ఇట్లాంటి పిల్లల్లో ఏదో ఒక గొప్ప విద్య ఉంటుందంట కదా, సినిమావాళ్లలో కూడా ఉన్నారంట. వీడికి ఏముంది?" అన్నారు. వీడికి ఏముంది? నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. వీడు లెక్కలు చేయడు. పాట పాడడు. బొమ్మ గీయడు. వీడు పప్పన్నం తింటాడు, నెయ్యి ఎక్కువ వేస్తే నవ్వుతాడు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. వీడి తరఫున చూపించడానికి ఏదో ఒక విద్య ఉండాలని నేను కూడా లోపల ఎదురుచూస్తున్నానని ఆ మెట్ల మీదే నాకు తెలిసింది. ఆ ఆశ నాకు ఎవరు నేర్పారు? నేను టీకాల పుస్తకం మీద రాసుకున్న లిస్టే నేర్పింది.

ఈ విద్య గొడవ సినిమా నుంచే మొదలైంది. 1988లో వచ్చిన ఒక సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ ఆటిజం ఉన్న అన్నగా వేసి ఆస్కార్ తెచ్చుకున్నారు. అందులో ఆ అన్న లెక్కలు, జ్ఞాపకశక్తి చూసి లోకమంతా ఆటిజం అంటే ఇదే అనుకుంది. ఆ పాత్రకి ప్రేరణ కిమ్ పీక్ అనే మనిషి. వేల పుస్తకాలు కంఠతా ఉండేవి ఆయనకి. కానీ ఆయన మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్ట పుట్టుకతోనే లేదు. ఆయనది ఆటిజం కాదు, వేరే జన్యు సమస్య అని తర్వాత నిపుణులు అభిప్రాయపడ్డారు. చూడండి, ఆటిజానికి గుర్తుగా లోకం పెట్టుకున్న మనిషి కథే అట్లా తేలింది.

ఇంకో నొప్పి. ఆ వీడియో కింద జనం రాసేది చదివారా? చదవండి. ఒక హీరో ఫ్యాన్స్ "మావాడు జీనియస్, అందుకే అట్లా" అంటారు. ఇంకో హీరో ఫ్యాన్స్ అదే మాట పట్టుకుని "మీవాడు ఆటిజంగాడు" అని తిడతారు. ఒకరికి కిరీటం, ఇంకొకరికి చెప్పుదెబ్బ. మధ్యలో ఆ మాట ఎవరిది? మన పిల్లలది. వాళ్ల సర్టిఫికెట్ మీద రాసిన మాట అది.

నా దగ్గరికి ఒక అమ్మాయి వస్తుంది, డిగ్రీ చదువుతోంది. ఊరు, కాలేజీ చెప్పను. తనకి ఉందని పద్దెనిమిదేళ్లకి తెలిసింది. క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు క్యాంటీన్లో పక్క బెంచీవాళ్లు ఒక హీరోయిన్ ఇంటర్వ్యూ చూస్తూ, ఈమె మాట చూడు, ఈ నవ్వు చూడు, పక్కా ఆటిజం అని ఒక్కొక్క గుర్తూ లెక్కపెట్టి నవ్వుకున్నారట. ఈ పిల్ల ఆ లెక్క వింటూ తన చేతులు ఒళ్లో దాచుకుందట. "మేడమ్, వాళ్లకి ఇన్ని గుర్తులు తెలిస్తే నన్ను కూడా పట్టేస్తారు కదా" అంది. ఆ రోజు నుంచి క్యాంటీన్‌కి వెళ్లడం మానేసింది. డబ్బా తెచ్చుకుని లైబ్రరీ వెనక తింటోంది. ఆ హీరోయిన్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఆ పక్క బెంచీవాళ్లకీ తెలియదు. వాళ్లు చెడ్డపిల్లలు కారు.

ఎవరో చేయెత్తారు. చెప్పు నాయనా. ... అవును, మంచి ప్రశ్న. వెనక వాళ్లకి వినపడలేదేమో, మళ్లీ చెప్తాను. ఎవరో ఒకరు గుర్తుపట్టి చెప్తేనే కదా చాలామందికి తెలిసేది, ఊహించడమే తప్పంటే ఎట్లా అని అడుగుతున్నాడు.

దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది, అది నీ పక్షానే ఉంది. బెల్లా రామ్సే అని చిన్న వయసు నటులు, బ్రిటన్ వాళ్లు. ఒక పెద్ద సీరియల్ షూటింగ్ జరుగుతుండగా, అక్కడ పనిచేసే ఒకరికి అనుమానం వచ్చింది. ఆ మనిషి కూతురికి ఆటిజం. రామ్సేకి కూడా ఉండే ఉంటుందనుకుని మాట్లాడారు. ఆ మాట నుంచే పరీక్ష దాకా వెళ్లారు, ఉందని తేలింది. ఆ సంగతి 2025లో రామ్సేనే చెప్పారు, తెలిశాక మనసు తేలికపడిందని కూడా చెప్పారు. అంటే ఊహ మేలు చేసింది. కానీ ఆ ఊహ ఎవరు చేశారు, ఎక్కడ చేశారు? రోజూ పక్కన పనిచేసే మనిషి, ఇంట్లో బిడ్డని పెంచుతూ చూసిన మనిషి, ఎదురుగా, రామ్సేతోనే అన్నారు. లోకానికి చెప్పలేదు. రామ్సే చెప్పుకునే దాకా అది మనకి తెలియనే తెలియదు. నీ స్నేహితుడిని చూసి నీకట్లా అనిపించిందనుకో. ఇద్దరే ఉన్నప్పుడు, మెల్లగా, మా తమ్ముడికి ఇట్లా ఉండేది, నీకెప్పుడైనా అనిపించిందా అని అడుగు. వద్దంటే అక్కడితో వదిలెయ్. ఆ హీరో నీ స్నేహితుడైతే అట్లాగే అడగొచ్చు.

ఇంకొకటి. తెర మీద ఎవరినో చూసి, అరె, నేనూ ఇంతే కదా అనిపిస్తే అది చాలా విలువైన సంగతి. దాన్ని తోసెయ్యకండి. అయితే అది మీ గురించి తెలిసిన సంగతి, ఆ నటుడి గురించి తెలిసిన సంగతి కాదు. సైన్‌ఫెల్డ్ నాటకం చూసి అన్నది అదే కదా. "ఆయనకి ఉంది" అనకుండా "ఆయన్ని చూస్తే నాకు నేను గుర్తొచ్చాను" అనండి. అప్పుడు ఎవరి గుట్టూ బయటపడదు, మీ దారి మీకు తెరుచుకుంటుంది. అవసరమనుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముప్పై అయినా, నలభై అయినా సిగ్గుపడొద్దు. కాన్సిడైన్‌కి 36, మిల్లర్‌కి 49కి దగ్గర్లో.

ఇక చంద్రగిరి నాన్నా, మీకు. ఎక్కడ కూర్చున్నారు? ఆ, అక్కడ. మీ ఫోన్‌లో ఆ వీడియో తీసేయండి అని నేను అనను. మీకు ఈ నెల ఏదో ఒక ఆసరా కావాలి, నాకు తెలుసు. నా ఆసరా ఏదో చెప్తాను, నచ్చితే తీసుకోండి.

మా అబ్బోడికి ఏడేళ్ల దాకా మాట లేదు. మాకు తిరుపతి ట్రాన్స్‌ఫర్ అయ్యాక స్టేషన్ దగ్గర్లో ఇల్లు దొరికింది. పగలూ రాత్రీ అనౌన్స్‌మెంట్లు వినిపించేవి. ఒక రోజు మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతులా, సరిగ్గా ఆ మైకులో వచ్చినట్టే, "దయచేసి వినండి" అని వినపడింది. తిరిగి చూస్తే వీడు. ఖాళీ కంచం పట్టుకుని నిలబడ్డాడు. నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, "దయచేసి వినండి." అన్నం పెట్టాను. ఇంక మాట్లాడలేదు, తిన్నాడు. మర్నాడు నీళ్లకి అదే మాట. వారం తర్వాత కరెంటు పోయి ఫ్యాన్ ఆగిపోతే అదే మాట. నాకు వినపడాలి అంటే ఏమనాలో వాడు ఎవరూ నేర్పకుండానే ఆ మైకు దగ్గర నేర్చుకున్నాడు. స్పీచ్ థెరపిస్టులు దీన్ని ఎకోలాలియా అంటారు. విన్న మాటని విన్నట్టే దాచిపెట్టుకుని, తన పనికి వాడుకోవడం. మీ ఇళ్లల్లో కూడా ఉంటుంది. ఒకరు అడ్వర్టైజ్‌మెంట్ పాట అంటారు, ఒకరు సినిమా డైలాగు అంటారు, ఇంకొకరు టీచరు తిట్టిన తిట్టు. అర్థం లేని మాట అని కొట్టెయ్యకండి. ఎప్పుడన్నాడు, చేతిలో ఏముంది, ముందు ఏం జరిగింది, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నెల తిరిగేసరికి మీ పాప భాష మీకు తెలుస్తుంది. టీకాల పుస్తకం మీద నేను ఆ పేర్లు రాసుకున్నాను కదా, దాని కిందే తర్వాత "దయచేసి వినండి" అని రాసి తేదీ వేశాను. అన్నం, నీళ్లు, ఫ్యాన్ అని పక్కన రాశాను. ఇప్పుడు ఆ అట్ట తీసి చూస్తే నాకు ఆ కింది వరసే కనపడుతుంది.

సదరం సర్టిఫికెట్ గురించి అడిగినవాళ్లు ఆ తలుపు పక్క టేబుల్ దగ్గర పేరు రాయించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, స్లాట్ ఎట్లా బుక్ చేయాలో అక్కడున్న అక్క చెప్తుంది. చంద్రగిరి నాన్నా, మీరు వెళ్లిపోకండి, పాప ఏం మాట్లాడుతుందో, ఎప్పుడు మాట్లాడుతుందో కూర్చుని నాకు చెప్పాలి.

ఇంకా ఇద్దరు చేతులెత్తారు గానీ, కింద భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. ముందు వరసలో మా అబ్బోడు ఉన్నాడు. ఈ పదినిమిషాల్లో రెండుసార్లు "దయచేసి వినండి" అన్నాడు. ఒంటిగంట దాటింది, వాడికి ఆకలేస్తోంది.